ఎక్కడ? ఎప్పుడు? ఎవరి మీద?



అమెరికాలో ఒక కార్టూన్ సినిమా వచ్చింది. 2021లో వచ్చింది. పేరు ‘అమెరికా: ద మోషన్ పిక్చర్’. నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టారు. అందులో హీరో జార్జ్ వాషింగ్టన్. వాళ్ల ఒక డాలర్ నోటు మీద బొమ్మ ఉంటుందే, ఆ పెద్దమనిషే. వాళ్ల మొట్టమొదటి రాష్ట్రపతి. ఈ సినిమాలో ఆయన మణికట్ల నుంచి మోటారు రంపాలు బయటికొస్తాయి. ఆ రంపాలతో ఇంగ్లండు సైన్యాన్ని నరుక్కుంటూ పోతాడు.

అంతటితో ఆగలేదు. అబ్రహాం లింకన్ ఆయనకు జిగిరీ దోస్తు. నిజానికి వాషింగ్టన్ 1799లో చనిపోయాడు. లింకన్ పుట్టిందే 1809లో. బల్బుతో పేరు తెచ్చుకున్న ఎడిసన్ ఇందులో ఆడమనిషి. ద్రోహం చేసిన ఆర్నాల్డ్ అనే సేనాని రాత్రిపూట తోడేలైపోతాడు. అప్పటి ఇంగ్లండు రాజు మూడో జార్జ్. సినిమాలో ఆ రాజు పేరు జేమ్స్! వేలు పెట్టినచోటల్లా తప్పే. కావాలని చేసిన తప్పులు. ఒకమాట చెప్పాలి, ఇది పిల్లలకు చూపించే కార్టూన్ కాదు. బూతులున్నాయి, నెత్తురుంది.

సరే. భైంసాలో కూర్చొని అమెరికా కార్టూన్ గురించి మనకెందుకు? ఎందుకంటే మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా మనిషి మీద కూడా ఇట్లాంటి సినిమా ఒకటొచ్చింది. కార్టూన్ కాదు, మామూలు సినిమానే. చరిత్రతో ఆడుకున్న తీరు మాత్రం దాదాపు అదే. ఆ సినిమా మీరంతా చూశారు. పిల్లలైతే పదిసార్లు చూశారు. అదే ‘ఆర్ఆర్ఆర్’.

దాని గురించే ఈ పూట మాట్లాడుకుందాం. సినిమా మంచిదా చెడ్డదా అని కాదు. ఇట్లాంటి సినిమా చూసినప్పుడు ఇంట్లో మనం చేయాల్సిన చిన్న పని ఒకటుంది. మూడు ప్రశ్నల పని. ఎక్కడ? ఎప్పుడు? ఎవరి మీద? ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ వాటి దగ్గరికే వస్తాను.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. పెద్దవాళ్లను, దేవుళ్లను ఆటపట్టించడం మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో రాముడు గంభీరంగా మాట్లాడుతుంటే మధ్యలో జుట్టుపోలిగాడు వస్తాడు. బంగారక్క వస్తుంది. వాళ్ల సరసాలు, తిట్లు, మోటు మాటలు. జనం పడీపడీ నవ్వుతారు. మన వైపు చిందు భాగోతంలో బుడ్డర్‌ఖాన్ వేషం అట్లాంటిదే. ఇంకా కథ మొదలు కాకముందే వచ్చి నవ్విస్తాడు. ఆ వేషంలో ఊరి పెద్దల మీద కూడా విసుర్లు పడతాయి. ఎవ్వరూ లేచి గొడవ చేయలేదు. రామాయణం పాడైపోయిందని ఎవ్వరూ ఏడవలేదు.

ఎందుకు పాడవలేదు? కూర్చున్న ప్రతి ఒక్కరికీ అసలు కథ తెలుసు కనుక. సీత ఎవరో, లంక ఎక్కడో ఆరేళ్ల పిల్లకు కూడా తెలుసు. బంగారక్క వాల్మీకి రాసిన మనిషి కాదని వేరే చెప్పక్కర్లేదు. ఏది కథో, ఏది ఆటో జనానికి ముందే తెలుసు. అమెరికా కార్టూన్ సంగతీ అంతే. లింకన్ ఎప్పటివాడో అక్కడ బడిపిల్లలకు తెలుసు. అందుకే నవ్వొస్తుంది. తెలియకపోతే అందులో నవ్వేముంది?

ఇప్పుడు ‘ఆర్ఆర్ఆర్’లోని మన మనిషి కొమురం భీము దగ్గరికి వద్దాం.

మన ఇళ్లల్లో ఒక ముచ్చట నడుస్తుంటుంది. పిల్లగాడు అడుగుతాడు: “తాతా, కొమురం భీము పులితోటి కొట్లాడిండు కదా?” తాత నవ్వి, “అది సినిమల బిడ్డా” అంటాడు. పిల్లగాడు ఊరుకోడు. “మరి ఢిల్లీల తెల్లదొరను కొట్టింది నిజమేనా?” ఈసారి తాత కాస్త ఆగుతాడు. “ఆఁ... కొట్టే ఉంటడు” అంటాడు.

చూశారా? పులి దగ్గర తాత తడుముకోలేదు. తెల్లదొర దగ్గర తడబడ్డాడు. ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా ఆ తడబాటులోనే ఉంది. ఒంటికి నెత్తురు పూసుకొని పులిని ఉసిగొల్పి, దాని మొహం మీదే గర్జించిన మనిషిని ఎవరూ చరిత్ర అనుకోరు. లారీ నిండా పులులు, చిరుతలు, జింకలు తెచ్చి దొర బంగళాలో వదిలితే ఎవరూ చరిత్ర అనుకోరు. అబద్ధం అంత పెద్దదైతే భయం లేదు. అది అబద్ధమని దాని మొహం మీదే ఉంటుంది. నమ్మేటట్టు ఉండే చిన్న మార్పు ఒకటుంటుంది చూడండి, అదే నిలబడిపోతుంది. అమెరికా కార్టూన్‌లో అన్నీ పెద్ద అబద్ధాలే, కాబట్టి దానితో ప్రమాదం తక్కువ. మన సినిమా చాలా అందంగా తీశారు. అందుకే మనకు కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి.

సినిమా తీసిన రాజమౌళిగారు ఏదీ దాచలేదు. ఇది కల్పిత కథ అని ముందే చెప్పారు. అల్లూరి సీతారామరాజు, కొమురం భీము ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు ఇల్లు విడిచి కొన్నేళ్లు ఎటో వెళ్లారు. ఆ రోజుల్లో ఇద్దరూ కలిసుంటే ఎట్లా ఉండేది? ఈ ఊహ మీదే సినిమా కట్టానని చెప్పారు. మంచి ఊహ. సినిమా 2022 మార్చి 25న వచ్చింది. మరుసటి ఏడు ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చింది. కీరవాణి బాణీ, చంద్రబోస్ రాసిన పాట. మన అడవి మనిషి పేరు ప్రపంచమంతా మోగింది. నాకూ సంతోషమే. ఆ పాట వస్తే నా కాలు కూడా ఆగదు.

అయినా మూడు ప్రశ్నలు అడుగుదాం. ఎక్కడ? ఎప్పుడు? ఎవరి మీద?

మొదటిది, ఎక్కడ? సినిమాలో కథ ఆదిలాబాద్ అడవిలో మొదలై ఢిల్లీకి పోతుంది. భీము పోరాటం అంతా ఢిల్లీలోనే. అసలు భీము పోరాడింది ఎక్కడ? జోడేఘాట్‌లో. ఆసిఫాబాద్ ఇవతల, కెరమెరి గుట్టల్లో. అక్కడి గూడేల్లో, అక్కడి గోండులు, కొలాముల మధ్య. మనం నిర్మల్, ఉట్నూరు, జైనూరు మీదుగా పోతే ఆ గుట్టలు తగులుతాయి.

రెండోది, ఎప్పుడు? సినిమా 1920లో జరుగుతుంది. భీము పుట్టింది 1901లో అంటారు. అంటే అప్పటికి పంతొమ్మిదేళ్ల పిల్లగాడు. ఆయన పోరాటం ఆ తర్వాత చాలా ఏళ్లకు. పోలీసు తూటాలకు నేలకొరిగింది 1940లో. ఇంకొక పక్క అల్లూరిని చూడండి. ఆయన మన్యంలో పోలీస్ స్టేషన్ల మీద పడింది 1922 ఆగస్టులో. తెల్లవాళ్లు ఆయన్ని కాల్చి చంపింది 1924 మే 7న. ఒకరు పోయిన పదహారేళ్లకు గానీ రెండోవారు పోలేదు. అడవులు వేరు, ఏళ్లు వేరు. ఇద్దరూ ఒకరినొకరు చూసింది లేదు.

మూడోది, ఎవరి మీద? ఇక్కడ కాస్త నిలబడదాం. తాత తడబడింది ఇక్కడే.

అల్లూరి పోరాడింది బ్రిటిష్ వాళ్ల మీద. అందులో సందేహం లేదు. ఆయన మన్యం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మన ఆదిలాబాద్ ఆ ప్రెసిడెన్సీలో లేదు. మనది హైదరాబాదు రాజ్యం. మన మీద నిజాం పాలన. భీము పోరాడింది నిజాం సర్కారు మీద, ఆ సర్కారు జంగ్లాత్ వాళ్ల మీద, అంటే అడవి శాఖ వాళ్ల మీద, భూములు కాజేసిన వాళ్ల మీద.

సినిమా మొదట్లో ఒక దృశ్యం ఉంది. గుర్తు చేసుకోండి. తెల్ల దొరసాని గూడెంలో కూర్చొని ఉంటుంది. మల్లి అనే చిన్నపిల్ల ఆమె చేతి మీద బొమ్మలు వేస్తూ పాట పాడుతుంది. తల్లి ముందు నాణేలు పడతాయి. పాట పాడినందుకు ఇనాం ఇచ్చారనుకుంటుంది తల్లి. అవి పిల్లను కొన్న పైసలని తర్వాత తెలుస్తుంది. పిల్లను బండెక్కించుకొని పోతారు. గుండె పిండే దృశ్యం. ఎంత చక్కగా తీశారంటే, చూసేవాడికి కోపంతో పిడికిలి బిగుసుకుంటుంది.

ఇప్పుడు అసలు భీము జీవితంలో పిడికిలి ఎక్కడ బిగుసుకుందో చూద్దాం. ఆయన ఊరు సంకేపల్లి. తండ్రి పోయాక ఆ ఇల్లు సుర్దాపూర్‌కు వలసపోయింది. అడవి నరికారు. సేద్యం చేశారు. పంట చేతికొచ్చే వేళకు ఒకడొచ్చాడు. ఈ భూమి పట్టా నా పేరు మీదుంది అన్నాడు. అంతే. పులులు లేవు, రాజభవనం లేదు. ఒక కాగితం ఉంది. చెమట ఒకరిది, కాగితం ఇంకొకరిది. ఆ గొడవలో ఆ మనిషి భీము చేతిలో చచ్చిపోయాడు. భీము పారిపోయాడు.

పారిపోయి ఎటు పోయాడు? చందా వైపు. ఇప్పటి చంద్రపూర్. అక్కడ విఠోబా అనే ఆయన అచ్చుయంత్రం దగ్గర పనిచేశాడని, చదవడం రాయడం అక్కడే నేర్చాడని ఆయన జీవితకథలు చెప్తాయి. అటునుంచి అస్సాం పోయి తేయాకు తోటల్లో కూలి చేశాడంటారు. సినిమా ఆఖర్లో భీము రాముణ్ణి, అంటే సినిమాలోని అల్లూరిని, ఏమడుగుతాడు? చదువు కావాలి అంటాడు. రాముడు నేర్పుతాడు. జీవితకథల్లోనేమో పోరాటానికి ముందే భీముకు అక్షరం వచ్చు. ఎవరో పెద్దమనిషి దయపెట్టి నేర్పింది కాదు. అచ్చు కూలీగా పనిచేస్తూ నేర్చుకున్నది. ఈ మార్పు నాకు మింగుడు పడదు. పులి కొట్లాటను ఒప్పుకుంటాను. దీన్ని ఒప్పుకోను.

తిరిగొచ్చాక ఏం చేశాడు? పన్నెండు గూడేల జనాన్ని కూడగట్టాడు. పశువులను అడవిలో మేపితే పన్ను. కట్టె తెచ్చుకుంటే జుర్మానా. పోడు కొట్టుకుంటే ఆ పంట మీద గొడవ, గుడిసె మీద గొడవ. ఇవన్నీ వద్దన్నాడు. అడవి మాది, నీళ్లు మావి, భూమి మాది అన్నాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాట ఆయన పేరుతో ముడిపడిపోయింది. నిజాంను కలిసి గోడు చెప్పుకుందామని హైదరాబాదు పోయాడట, లోపలికి రానివ్వలేదట. చివరికి 1940లో జోడేఘాట్ గుట్ట మీదికి పోలీసులొచ్చారు. భీముతో పాటు ఇంకా కొందరు గోండులు చనిపోయారు.

ఆ తర్వాత జరిగింది వినండి. అసలీ గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమని నిజాం సర్కారు ఒక పండితుణ్ణి పెట్టింది. ఆయన ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్. ఆయన, ఆయన భార్య బెట్టీ మన మార్లవాయిలో గుడిసెలో ఉన్నారు, గోండులతో కలిసి బతికారు. ఆయన తేల్చింది కూడా భూమి సంగతే. గోండు చేతిలో భూమి ఉంది గానీ కాగితం లేదు. ఆ తర్వాతే ఆదివాసులకు పట్టాలివ్వడం, మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ ఇవ్వడం మొదలైంది. భీము చనిపోయాక కదిలిన పని అది.

ఇప్పుడు చెప్పండి. శత్రువు ఢిల్లీలో ఉన్న తెల్లదొర అయితే ఏమవుతుంది? దొర 1947లో పోయాడు, కథ అయిపోయింది. మనం చప్పట్లు కొట్టి ఇంటికి పోవచ్చు. శత్రువు పట్టా కాగితం అయితే? మేత పన్ను అయితే? అడవిలో గీత గీసి ఇటు రావద్దన్న అధికారి అయితే? ఆ కథ 1947తో అయిపోదు. పోడు భూముల గొడవ మొన్నటిదాకా మన జిల్లాలో విన్నాం, ఇంకా వింటూనే ఉన్నాం. ‘ఎవరి మీద’ అన్న ప్రశ్నకు జవాబు మారితే, భీము మన ఇంటి మనిషి కాకుండా పోస్టర్ మీద బొమ్మైపోతాడు. సినిమా చివర్లో జెండా మీద జల్ జంగల్ జమీన్ అని రాసి చూపించారు. మంచిదే. అయితే అంతకుముందు మూడు గంటల్లో ఎవరి భూమి ఎవరు గుంజుకున్నారో ఒక్క ముక్క లేదు.

మన భైంసా మార్కెట్ యార్డుకు పత్తి పట్టుకుపోయిన రైతుకు ఒక సంగతి తెలుసు. కొనేవాడు బండి మీద పైపైన తెల్లగా ఉన్న పత్తిని చూసి ధర చెప్పడు. చెయ్యి లోపలికి దూర్చి అడుగునుంచి ఒక పిడికెడు పీకుతాడు. వేళ్ల మధ్య లాగి పింజ చూస్తాడు, తేమ చూస్తాడు. పైపత్తి బాగుందని ఆయన కాదనడు. అడుగు చూడకుండా మాత్రం పైసలివ్వడు. మన మూడు ప్రశ్నలు ఆ పిడికెడు పత్తే. సినిమా చూడొద్దని కాదు. ఈల వేయండి, ఎగరండి. ఇంటికొచ్చాక మాత్రం చెయ్యి లోపలికి పెట్టండి. ఎక్కడ? ఎప్పుడు? ఎవరి మీద?

ఇంకొక ముచ్చట. సినిమా రాకముందు, 2020 అక్టోబరులో, భీము పాత్ర మీద చిన్న టీజర్ వదిలారు. చివర్లో భీము నెత్తి మీద టోపీ, కళ్లకు సుర్మా, ముస్లిం వేషం. పెద్ద రగడైంది. అప్పటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపూరావు కూడా గట్టిగా అభ్యంతరం చెప్పారు. నిజాం మీద పోరాడిన మనిషికి ఆ వేషం ఏమిటని ఆదివాసులకు కోపం రావడంలో అర్థముంది. తీరా సినిమా వచ్చాక చూస్తే, ఢిల్లీలో పోలీసుల కంట పడకుండా భీము వేసుకున్న మారువేషం అది. అక్తర్ అనే పేరుతో మెకానిక్‌గా తిరుగుతుంటాడు. ఏడాదిన్నర పాటు జనం కొట్లాడుకున్నది కొన్ని క్షణాల బొమ్మ మీద. సగం బొమ్మ ఫోన్లలో తిరిగితే ఎట్లాంటి గొడవలు రేగుతాయో భైంసా వాళ్లకు నేను చెప్పే పని లేదు.

ఆ రగడలో ఒక తమాషా జరిగింది. టోపీ గురించి అంత గొడవ పడ్డవాళ్లం, సినిమా వచ్చాక శత్రువే మారిపోయిన సంగతి దాదాపు పట్టించుకోలేదు. కంటికి కొట్టొచ్చినట్టు కనబడేదాని మీద అరుస్తాం. మెల్లగా జారిపోయేదాన్ని జారిపోనిస్తాం.

పిల్లలతో ఇంకో చిక్కుంది. భీము అనగానే వాళ్లకు మొదట గుర్తొచ్చేది ఛోటా భీమ్. లడ్డూలు తిని బలం తెచ్చుకునే బుడ్డోడు. అదీ మన హైదరాబాదు కంపెనీ తీసిన కార్టూనే, 2008 నుంచి టీవీలో వస్తోంది. ఆ వెనుక భారతంలో భీముడు. ఆ వెనుక సినిమా భీము. జోడేఘాట్ భీము వంతు వచ్చేసరికి పిల్లవాడు నిద్రపోతాడు! అందుకే ఆ మూడు ప్రశ్నల్ని బడి మీద వదిలేయకుండా ఇంట్లో అడగమంటున్నాను. పెద్ద పాఠం చెప్పక్కర్లేదు. అన్నం తింటూ చెప్పొచ్చు. “సినిమల ఢిల్లీ. అసలు జోడేఘాట్. సినిమల 1920. అసలు 1940. సినిమల తెల్లదొర. అసలు నిజాం సర్కారు.” ఆరు ముక్కలు. మీకు ఒక నిమిషం పడుతుంది. ఆ తర్వాత పిల్లగాడు ఆ సినిమా ఇంకో పదిసార్లు చూసినా నష్టం లేదు. పైగా ఇంకా బాగా నవ్వుతాడు, ఎక్కడ ఆట ఆడారో తెలుస్తుంది గనుక.

ఓపిక ఉంటే ఇంకో సినిమా కూడా చూపించండి. 1990లో అల్లాణి శ్రీధర్ ‘కొమరం భీమ్’ తీశారు. భూపాల్ రెడ్డి భీముగా వేశారు. పెద్ద పెద్ద సెట్లు లేవు. థియేటర్లకు వచ్చేసరికి ఇరవై ఏళ్లు పట్టింది, 2010లో వచ్చింది. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీము’ నవల ఉంది. చదివే అలవాటున్న ఇంట్లో అదుంటే మంచిది. ఏటా ఆశ్వయుజ పున్నమికి జోడేఘాట్‌లో వర్ధంతి జరుగుతుంది. గోండులు తారీఖుతో కాకుండా పున్నమితో లెక్క పెడతారు. అక్కడ మ్యూజియం కూడా ఉంది. ఆ రోజు పిల్లలను తీసుకుపోతే మొదటి ప్రశ్నకు జవాబు వాళ్ల కాళ్లకే తెలుస్తుంది.

చివరగా ఒక విన్నపం. సినిమాలు తీసేవాళ్లకు, కార్టూన్లు గీసేవాళ్లకు. మన నిర్మల్‌లో రాంజీ గోండు ఉన్నాడు. 1857 తిరుగుబాటు తర్వాత ఇక్కడి గోండులు, రోహిల్లాలు కలిసి ఆయన వెంట నడిచారు. ఆయన పోరాటంలో ఎదుటి పక్షాన తెల్లవాళ్లూ ఉన్నారు, నిజాం బలగాలూ ఉన్నాయి. 1860లో ఆయన్ని పట్టుకొని, అనుచరులతో సహా మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యి ఉరుల మర్రి అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన మీద ఇంకా అంత పెద్ద సినిమా రాలేదు. రేపో మాపో ఎవరో తీస్తారు. తీయండి. ఆ మర్రిచెట్టుతో మాట్లాడించండి, నడిపించండి, మాకేం అభ్యంతరం లేదు. నవ్వించండి కూడా. నిర్మల్‌ను మాత్రం నిర్మల్‌లోనే ఉంచండి. గోండు పక్కన రోహిల్లా నిలబడ్డ సంగతి తీసేయకండి. ఉరి వేసింది ఎవరో మార్చకండి.